మహాచిత్రకారుల చిత్రములు – మన పిల్లల బొమ్మలు

(పాఠశాల వార్షికోత్సవమున విద్యార్థుల చిత్రప్రదర్శనమును ప్రారంభించుచు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)

    

నేను చిత్రకారుడను కాను. నల్లబల్లమీద నేను ఆవును గీచినపుడు, "అది మేకయా సార్?" అని పిల్లలు అడిగిన దినములు కలవు. అట్టివాడను చిత్రకళను గురించి మీయెదుట మాట్లాడ సాహసించుటకు ఒక కారణమున్నది. అది నేను చేసిన యొక తప్పునకు సంబంధించినది. దానిని ప్రసంగము నడుమ దాపరికము లేక చెప్పెదను.

ఈ సంవత్సరము ప్రదర్శనమునకు మేము నిర్ణయించిన విషయము మీకు తెలిసినదే. ప్రసిద్ధ చిత్రకారుడొకడు గీచిన చిత్రమును చూచి, దానినుండి ప్రేరణ పొంది, విద్యార్థి తనదగు క్రొత్త చిత్రమును గీయవలయును. ఈ ప్రకటన వెలువడిన నాటినుండి తల్లిదండ్రులు కొందరు నన్ను రెండు ప్రశ్నలడుగుచున్నారు. మొదటిది: "పరీక్షలో కాపీ కొట్టినచో కాగితము లాగికొందురు గదా! బొమ్మలో కాపీ కొట్టినచో బహుమాన మిచ్చెదరా?" రెండవది: "మా పిల్లలు తెలుగు, తమిళము, ఇంగ్లీషు అను మూడు లిపులతో సతమతమగుచున్నారు. వారికి ఈ బొమ్మల పని కాలము దండుగ గాదా?" రెండును న్యాయమైన ప్రశ్నలే. తోచినంతవరకు సమాధానము చెప్పుట నా విధి.

మొదటి ప్రశ్నకు సమాధానము మన యింటిలోనే యున్నది. వ్యాసుని భారతమును నన్నయ తెలుగు చేసెను. తిక్కన, ఎఱ్ఱన దానిని పూర్తిచేసిరి. వారు కాపీ కొట్టిరని ఏ తెలుగువాడైన అనెనా? శ్రీహర్షుని నైషధమును శ్రీనాథుడు శృంగారనైషధముగా తెలుగున వెలయించెను. కథ పాతది, నడక క్రొత్తది. ఉన్నదానిని గౌరవముతో గ్రహించి, తన కాలమునకు, తన వారికి తగినట్లు మరల చెప్పుట మన సాహిత్యమునకు పునాది. సాహిత్యమున గౌరవమైనది చిత్రలేఖనమున దోషమెట్లగును?

చిత్రకారుల చరిత్ర చూచినను ఇదియే కనబడును. పిల్లలు విననిమ్ము, వారి యీడువాని సంగతి యొకటి చెప్పెదను. మొగలాయి చక్రవర్తి అక్బరు కాలమున అబుల్ హసన్ అను బాలుడుండెను. అతని తండ్రి పారశీక దేశమునుండి వచ్చిన చిత్రకారుడు. ఆ కాలమున పాశ్చాత్యులు తెచ్చిన ముద్రాచిత్రములు దర్బారునకు చేరుచుండెను. జర్మను దేశీయుడగు డ్యూరర్ 1511లో చెక్కిన శిలువ చిత్ర మొకటి ఆ బాలుని కంటబడినది. 1600 ప్రాంతమున, తన పదుమూడవ ఏట, అతడు ఆ చిత్రమునుండి చేతులు జోడించి దుఃఖించుచున్న యోహాను మూర్తిని మాత్రము గ్రహించి వేరుగా గీచెను. తన వయస్సును గూడ దానిపై వ్రాసికొనెను. ఆ చిత్రము నేడు ఆక్స్‌ఫర్డు నగరపు ఆష్మోలియన్ మ్యూజియములో నున్నది. అనేకులున్న చిత్రమునుండి ఒక్కనిని ఏరుకొనుట చూడుడు! ఎవరి శోకము తన మనస్సును తాకెనో వానినే అతడు గైకొనెను. ఆ యెంపికలోనే అతని స్వంత చూపు తెలియుచున్నది. ఆ బాలుడే పెద్దవాడై జహంగీరు చక్రవర్తిచేత 'నాదిర్ ఉజ్ జమాన్', అనగా కాలమునకు అద్భుతమైనవాడు, అను బిరుదమును పొందెను.

ఈ దారి ఒకవైపే సాగలేదు. మన మొగలాయి చిత్రములు ఓడలలో హాలెండు దేశమునకు చేరగా, 1650 తరువాతి కాలమున రెంబ్రాంట్ అను మహాచిత్రకారుడు వానిని ముందుంచుకొని షాజహాను మున్నగువారి రూపములను గీచెను. అట్టివి ఇరువదికి పైగా నేటికిని నిలిచియున్నవి. అప్పటికి అతడు కీర్తి గడించిన ప్రౌఢుడు. అయినను మన దేశపు చిత్రకారుని యెదుట విద్యార్థివలె కూర్చుండుటకు సిగ్గుపడలేదు.

మన దక్షిణ దేశమునకు వత్తము. రాజా రవివర్మ 1848లో కిళిమానూరులో జన్మించి 1906లో గతించెను. తిరువాన్కూరు ఆస్థానమున రామస్వామి నాయుడను చిత్రకారుడుండెను. తైలవర్ణముల మర్మమును ఆయన యువకుడగు రవివర్మకు నేర్పుట కంగీకరింపలేదని చెప్పుదురు. పిమ్మట థియొడోర్ జెన్సన్ అను పాశ్చాత్య చిత్రకారుడు ఆస్థానమునకు రాగా, ఆయన గీచుచుండ ప్రక్కన నిలిచి చూచుటకు మాత్రము రవివర్మకు అనుమతి లభించెను. అట్లు చూచి చూచి, తన చేతితో మరల మరల ప్రయత్నించి, ఆ విద్యను స్వాధీనము చేసికొనెను. పద్ధతి పరదేశముదే, గీచినదో, మన పురాణముల దమయంతిని, శకుంతలను. 1894లో ఆయన బొంబాయిలో ముద్రణశాల స్థాపించిన తరువాత ఆ చిత్రములు రాజభవనములనుండి సామాన్యుల గోడలమీదికి వచ్చినవి. అగ్గిపెట్టెల లేబిళ్ళమీదికి గూడ అవి ఎక్కినవి. అగ్గిపెట్టెల పరిశ్రమకు పేరుగన్న గుడియాత్తమువారికి ఆ సంగతి వింతగా నుండదు. 2020లో ఛాయాచిత్రకారుడు వెంకట్ రామ్‌గారు సమంత, రమ్యకృష్ణ మొదలగు నటీమణులను రవివర్మ స్త్రీమూర్తులవలె అలంకరించి ఛాయాచిత్రములు తీసిరి. మీలో చాలమంది వానిని చూచియుందురు.

మనవలెనే తమిళదేశమున బ్రదికిన తెలుగు చిత్రకారుని సంగతి గూడ చెప్పవలయును. కె. శ్రీనివాసులుగారు మదరాసు చిత్రకళాశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌధురిగారి శిష్యులు. గురువుగారి పద్ధతినే జీవితాంతము పట్టుకొని వ్రేలాడక, లేపాక్షి గుడి కప్పునందలి రేఖలను, కొండపల్లి బొమ్మల రూపులను మనస్సునకు పట్టించుకొని, పల్లె జీవితమును తన సొంత ఫణితిలో గీచిరి. లేపాక్షి వీరభద్రాలయపు చిత్రములు విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలమునాటివి. మన వేలూరు కోటలోని జలకంఠేశ్వరాలయపు కల్యాణమంటపమును చెక్కిన చేతులు గూడ ఆ విజయనగర సంప్రదాయమువే. ఆ స్తంభములపై దుముకుచున్న గుఱ్ఱములను మన పిల్లలలో ఎందరు నిలిచి చూచిరి? బస్సు దిగి పది నిమిషములు నడిచిన చేరగల చోటనే మహాశిల్పమున్నది. మనమేమో సెల్‌ఫోనులో బొమ్మ వెదకుచున్నాము!

ఇక నా తప్పు చెప్పెదను.

రెండు సంవత్సరముల క్రిందట మన పాఠశాలలో రవివర్మ గీచిన 'హంస దమయంతి' చిత్రమును విషయముగా నిచ్చి పోటీ పెట్టితిమి. 1899 నాటి ఆ చిత్రమున దమయంతి చీర కట్టుకొని నిలిచి, నలుని సంగతి హంస చెప్పుచుండగా ఆలకించుచుండును. న్యాయనిర్ణేతను నేనే. ఒక బాలుడు తెచ్చిన బొమ్మ అచ్చముగా మూలమువలె నుండెను. మడత తప్పలేదు, వ్రేలు తప్పలేదు. మొదటి బహుమతి దానికే ఇచ్చితిని. సెల్‌ఫోను వెలుగుమీద కాగితముంచి ముక్కలు ముక్కలుగా గీత దింపెనని తరువాత తెలిసినది. ఆ బాలుని తప్పు పట్టను. గీత దింపకూడదని మేము చెప్పలేదు.

ఎనిమిదవ తరగతి బాలిక యొకతె వేరొక బొమ్మ తెచ్చెను. అందు దమయంతి రాట్నము ప్రక్క కూర్చున్నది. చుట్టును నూలు కండెలు. వెనుక మగ్గముపై సగము నేసిన గళ్ళ లుంగీ. ఒక చేయి రాట్నముపై ఆగియున్నది. రెండవ చేత సెల్‌ఫోనును చెవి కానించుకొని, కన్నులు వాల్చి వినుచున్నది. హంస లేదు. చేతులు కొంచెము పొడుగైనవి, పాదములు సరిగా కుదరలేదు. నేను ఆ బొమ్మను పైకెత్తి, "దమయంతి చేతిలో సెల్‌ఫోనేమమ్మా! హంస ఎగిరిపోయినదా?" అంటిని. సభలోనివారందరు నవ్విరి. నేనును నవ్వితిని. ఆ బాలిక తల వంచుకొని బొమ్మ తీసికొని వెళ్ళినది.

వారము తరువాత ఆమె తల్లి బడికి వచ్చి, గుమ్మముకడ నిలిచి యిట్లనెను: "సారూ, మా పాప హంసను మరచిపోలేదు. వాళ్ళ నాయిన తిరుప్పూరులో పని చేస్తా ఉండాడు. రాత్రి ఎనిమిదికి ఫోను చేస్తాడు. ఆ ఫోనే మాకు హంస అని గీసింది సారూ." అంతకుమించి ఆమె ఏమియు అనలేదు. నన్ను నిందింపనైన లేదు.

నేను ఇంటికి పోయి చాలసేపు ఆలోచించితిని. నలుని కాలమున స్త్రీలు ఏ వస్త్రము ధరించిరో రవివర్మ చూచెనా? లేదు. తాను చూచిన స్త్రీలు కట్టిన చీరనే దమయంతికి కట్టించెను. తన కాలమును పురాణమున ప్రవేశపెట్టుటచేతనే ఆ చిత్రము ఇంటింటికిని చుట్టమైనది. ఆ బాలిక చేసినదియు సరిగా అదియే. దూరముననున్న ప్రియుని వార్త తెచ్చునది హంస. మా యింట వార్త తెచ్చునది ఏది అని ఆమె తన్ను తాను ప్రశ్నించుకొన్నది. కథ ప్రాణమును పట్టుకొని, రూపమును మార్చినది. ప్రేరణ యనగా అదియే. గీత దింపినవానికి చిత్రము కంటికి మాత్రమే అందినది. ఆమెకు మనస్సున కందినది. నేనో, పాదములు కుదరలేదని చూచితిని గాని, ఆ ముఖమున వినికిడి ఎట్లు కుదిరినదో చూడనైతిని.

ఆ తల్లి అనుమతితో ఆ చిత్రమును నేడు ఈ ప్రదర్శనశాల ద్వారమువద్దనే ఉంచితిమి. లోనికి పోవునపుడు ఒక్క నిమిషము దానియెదుట నిలువుడని ప్రార్థన. నలుగురిలో నవ్వితిని గనుక నలుగురి యెదుటనే ఆ బాలికను క్షమింపుమని కోరుచున్నాను. ఆ తరువాత ఆమె బొమ్మ గీయలేదు. ఈ సంవత్సరము గీయుమని అడుగగా, "చూస్తాను సార్" అన్నది. ఈ ప్రదర్శనములో ఆమె క్రొత్త చిత్రము లేదు. ఒక నవ్వునకు ఇంత మూల్యముండునని నాకు ఇదివరకు తెలియదు.

ఈ యనుభవముచేత నేను నేర్చినదానిని మీకు ఇంటివద్ద ఉపయోగపడునట్లు నాలుగు మాటలలో చెప్పెదను.

మొదటిది: చూచి గీచుటను నిషేధింపకుడు. అది విద్యకు మొదటి మెట్టు. మనకు సమీపముననే, చిత్తూరు, తిరుపతి మీదుగా పోయిన శ్రీకాళహస్తి యున్నది. 1950ల చివర అచట అఖిలభారత హస్తకళల బోర్డువారు నెలకొల్పిన కేంద్రమున జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు కలంకారీ నేర్పిరి. కరక్కాయ, గేదెపాలు పట్టించిన బట్టమీద చింతపుల్లల బొగ్గుతో గురువు గీచిన దేవతామూర్తులను శిష్యుడు మరల మరల గీయును. చేయి కుదిరిన పిమ్మటనే వెదురు కలము పట్టును. అనుకరణము అచట సిగ్గుపడవలసిన పని గాదు, సాధన. అయితే సాధన వేరు, ప్రదర్శన వేరు. గీత దింపిన బొమ్మను 'నకలు' అని పేరు పెట్టి దాచుకొనవలయును గాని, 'నేను సృజించితిని' అని చూపరాదు.

రెండవది: రంగుల చిత్రమునకు మారుగా నలుపు తెలుపు ప్రతిని పిల్లవాని చేతికిండు. విన్సెంట్ వాన్ గో అను డచ్చి చిత్రకారుడు 1889, 1890 సంవత్సరములలో, ఫ్రాన్సు దేశపు చికిత్సాలయములో నుండగా, తాను గురువుగా భావించిన మిలే చిత్రములను ఇరువదికి పైగా మరల చిత్రించెను. ఆయన ముందున్నవి రంగులు లేని ముద్రణలు. కావున రూపము మిలేది, రంగు వాన్ గోది. మన పిల్లలకు ఇంతకంటె చవుకైన, మంచిదైన అభ్యాసము లేదు. జిరాక్సు కాగితము, రంగుపెన్సిళ్ళ పెట్టె చాలును.

మూడవది: ఒక్కటి మార్చుమని చెప్పుడు. స్థలమో, వస్త్రమో, వస్తువో, కాలమో ఏదైన నొక్కటి తన యింటినుండి, తన వీథినుండి తెచ్చి అందు చేర్చవలయును. చేర్చిన పిదప "ఇది ఎందుకు?" అని అడుగుడు. నవ్వుచు అడుగకుడు, నావలె అడుగకుడు. తెలిసికొను కోరికతో అడుగుడు. బిడ్డ కారణము చెప్పగలిగెనా, అది ప్రేరణ. చెప్పలేకపోయెనా, మరికొంత సేపు మూలచిత్రమును చూడనిండు.

నాలుగవది: చిత్రము వెనుక ఋణము వ్రాయించుడు. ఎవరి చిత్రము చూచితిని, నేను మార్చినది ఏమి అను రెండు పంక్తులు చాలును. పరీక్షలో కాపీకి, కళలో ప్రేరణకు గల భేదమంతయు ఇచటనే యున్నది. కాపీ కొట్టువాడు మూలమును దాచును; ప్రేరణ పొందినవాడు చెప్పుకొనును. దీనికి చట్టపు సంగతి గూడ కొంత కలదు. 1957 నాటి మన కాపీరైటు చట్టము ప్రకారము చిత్రకారుడు గతించిన మరుసటి సంవత్సరారంభమునుండి 60 సంవత్సరములు ఆయన చిత్రములపై హక్కు నిలుచును. రవివర్మ చిత్రములకు ఆ గడువు ఎన్నడో తీరినది. 1992లో గతించిన వడ్డాది పాపయ్యగారి చిత్రములకు 2052 చివరివరకును, 2014లో గతించిన బాపుగారి చిత్రములకు 2074 చివరివరకును హక్కు కలదు. ఇంటివద్ద అభ్యాసమునకు ఎవరును అడ్డుపెట్టరు. అచ్చు వేయుటకును, అమ్ముటకును మాత్రము హక్కుదారుల అనుమతి వలయును. పేరు వ్రాసినంతమాత్రమున అనుమతి లభించినట్లు గాదు.

ఇక రెండవ ప్రశ్న: కాలము దండుగ గాదా? 2006 నాటి చట్టము ననుసరించి మన పిల్లలు ఒకటవ తరగతినుండి తమిళము నేర్చుచున్నారు. అది మనకు అన్నము పెట్టు నేల భాష, నేర్వవలసినదే. కాని మూడు భాషల నడుమ ఏ భాషలోను ధైర్యముగా నోరు విప్పని బిడ్డలు ప్రతి తరగతిలోను కొందరుందురు. ఇట్టివారే చిత్రలేఖనపు గంటలో నిటారుగా కూర్చుండుట నేను కన్నులార చూచితిని. తన తండ్రి దూరముననున్నాడని ఆ బాలిక తరగతిలో ఏ భాషలోను ఎవరికిని చెప్పలేదు; బొమ్మలో చెప్పినది. చెప్పినపుడు వినుటకు మేము సిద్ధముగా లేకపోతిమి. అంతియే. ఆ గంటను దండుగ యనుటకు నాకు నోరు రాదు.

మరియొక మాట. నేటి ప్రదర్శనమునకు మన ప్రక్క వీథుల తమిళ సోదరులను గూడ ఆహ్వానించితిమి. మన పిల్లల తెలుగు వ్యాసమును వారు చదువలేరు, బొమ్మను చదువగలరు. అందుండు మగ్గము వారింటను గలదు. గంగమ్మ జాతర వారిదియు, మనదియు. నేడు సెల్‌ఫోనులోని యంత్రము అడిగినంతనే ఏ మహాచిత్రకారుని ఫణితిలోనైనను బొమ్మ నిచ్చుచున్నది. అయితే రాత్రి ఎనిమిది గంటలకు మోగు ఫోను సంగతి దానికి తెలియదు. ఆ సంగతి మన బిడ్డలకు మాత్రమే తెలియును.

కావున లోనికి పోయి బొమ్మలు చూడుడు. "ఇది రవివర్మవలె లేదే" అని అనకుడు. "ఇందు నీది ఏది నాయనా?" అని అడుగుడు. జవాబు చెప్పువరకు ఓపికతో నిలువుడు.